బొమ్మల పుస్తకం చేస్తున్న అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దానికి నీవే వేసిన బొమ్మలు అందాయి. మన టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పక్షుల మీద పిల్లల పుస్తకం చేయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయాను. తల్లి పెలికాన్ (గూడబాతు) చేపను ముక్కున కరచుకుని పిల్ల నోటికి అందిస్తున్నట్టు వేశావు. నిజానికి పిల్లే తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి, మెడదాకా లోపలికి పోయి తింటుంది. బయటికి కనిపించేది రెక్కలు కొట్టుకుంటున్న దాని ఒళ్లు మాత్రమే. గూళ్లలో పిల్లలున్న ఈ చలికాలంలోనే టెక్కలి బస్సెక్కి వెళ్లి, ఆ చింతచెట్ల కింద ఒక పూట కూర్చుని చూసి, మళ్లీ వేయి. ఆ ఊరి పిల్లలు ఇంటి ముందు నిలబడి చూసే దృశ్యమది; అక్కడ నీవు పొరబడితే మిగతా పుస్తకాన్నీ వాళ్లు నమ్మరు.

‘తల్లి ఎగిరిపోయింది’ అని రాసి, బొమ్మలోనూ ఎగిరిపోతున్న తల్లినే చూపావు. తల్లి సంగతి మాట చెప్పనీ. గూటి అంచున మెడ చాచి ఎదురుచూస్తున్న పిల్లను బొమ్మ చూపనీ. అలా చేస్తే రాసిన వాక్యాల్లో సగం నీవే కొట్టేస్తావు.

రంగులు కలిపే ముందే ఎనిమిది తెల్లకాగితాలను మధ్యకు మడిచి కుట్టుకో. అచ్చులో పదహారు పేజీలు కలిసి వచ్చే కాగితాన్ని ఫారం అంటారు; అలాంటివి రెండయితే వచ్చే 32 పేజీల పుస్తకానికి నమూనా నీ చేతిలో ఉంటుంది, ఏ బొమ్మ మడతలో పడుతుందో ముందే తెలుస్తుంది. నేను ఆ పని చేయకపోవడం వల్ల, నా తొలి పుస్తకంలో మామ్మ ముఖం సరిగ్గా కుట్టు మీద పడి, ముక్కు మడతలో మాయమైంది. ఆ పేజీ తెరిచినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బతుకుతెరువు గురించి అడిగావు. 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టి, చందమామ ముఖచిత్రాలతో తెలుగు పిల్లలందరికీ చేరిన వడ్డాది పాపయ్యగారు కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా కూడా పనిచేశారు. కాబట్టి ఉద్యోగం ఉండటం చిన్నతనమని అనుకోకు. హక్కుల విషయంలో మాత్రం మొహమాటపడకు. నేను నోటిమాట మీద ఇచ్చిన బొమ్మలను ఒక ప్రచురణకర్త నా పేరు లేకుండా వేరే పుస్తకాలలో వేసుకున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే దాన్ని 5 సంవత్సరాలుగానే లెక్కిస్తారు. ఒప్పందపత్రం వచ్చినప్పుడు సంతకం చేసేముందు నాకు చూపించు.

పెలికాన్ బొమ్మ మాత్రం అంతకంటే ముందే పంపు.