‘థ్రాన్’ అనే మాటలో మెలిక

ప్రశ్న: స్కాట్లాండ్‌లోని డండీలో వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేస్తున్నాను. ఒక పెద్దాయన మాత్ర వేసుకోనంటే తోటి ఉద్యోగిని ‘హీజ్ ఆఫీ థ్రాన్ ద డే’ అంది. ఈ మాటకు అర్థమేమిటి? రోజువారీ రికార్డులో రాయవచ్చా?

జవాబు: ముందు చుట్టూ ఉన్న మాటలు చూద్దాం. ‘ఆఫీ’ అంటే ఇంగ్లీషు ‘ఆఫుల్’. స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషలో ‘చాలా’ అనే అర్థంలో వాడతారు. ‘ద డే’ అంటే ఇవాళ, ‘ద మోర్న్’ అంటే రేపు. ఇక ‘థ్రాన్’. దీనికి ‘మొండి’ అని ఒక్క మాటలో అర్థం చెప్పి వదిలేయడం తేలిక. అది సగమే. మొండివాడు తన పట్టు వదలడు, అంతే. థ్రాన్ మనిషి మీరు ఏమంటే దానికి ఎదురు తిరుగుతాడు. కూర్చోమంటే నిలబడతాడు, సరే నిలబడండి అంటే కూర్చుంటాడు. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి అని మనం అనే మాట దీనికి అచ్చంగా సరిపోతుంది. మీ తోటి ఉద్యోగిని అన్నది కూడా అదే: ‘ఆయన ఇవాళ మరీ ఎడ్డెమంటే తెడ్డెమంటున్నారు.’

ఈ మాటలో తిట్టు ఎంత, ముద్దు ఎంత అనేది గొంతును బట్టి ఉంటుంది. తొంభై ఏళ్ల అవ్వ చేతికర్ర పట్టుకోనని భీష్మిస్తే మనవరాలు థ్రాన్ అంటుంది. అందులో మురిపెం ఉంటుంది. పై అధికారి సమావేశంలో మీ గురించి అంటే అది మందలింపే. కొత్తగా వెళ్లినవారు పెద్దవాళ్ల ముఖం మీద ఈ మాట అనకపోవడమే మంచిది.

రికార్డులో మాత్రం రాయకండి. అది మీ అభిప్రాయమవుతుంది గాని జరిగిన సంగతి కాదు. ఏ మాత్ర, ఎన్ని గంటలకు ఇచ్చారు, ఎన్నిసార్లు అడిగారు, ఆయన ఏమన్నారు, తర్వాత ఎవరికి చెప్పారు — ఇవి రాయాలి. ‘మింగుతుంటే గొంతు నొప్పి’ అని ఆయన అని ఉంటే, థ్రాన్ అనే ఒక్క మాట ఆ నొప్పిని కప్పేస్తుంది.

ప్రశ్న: ఈ మాట గేలిక్ నుంచి వచ్చిందా?

జవాబు: కాదు. గేలిక్ స్కాట్లాండ్‌లోని మరో భాష, కెల్టిక్ అనే వేరే భాషా కుటుంబానిది. స్కాట్స్ పాత ఇంగ్లీషు ఉత్తరపు శాఖ నుంచి పెరిగింది. ఇంగ్లీషుకు తోబుట్టువు అనుకోండి. 2011 జనగణనలో మొదటిసారి స్కాట్స్ గురించి అడిగితే సుమారు 15 లక్షల మంది మాట్లాడగలమన్నారు.

పాత ఇంగ్లీషులో ‘థ్రావాన్’ అనే క్రియ ఉండేది. దాని అర్థం తిప్పడం, మెలిపెట్టడం. ఇంగ్లీషులో అదే ‘త్రో’ అయి, ‘విసరడం’ వైపు జరిగిపోయింది. అయినా కుమ్మరి పని గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు సారె మీద కుండ చేయడాన్ని ఇప్పటికీ ‘త్రో’ అనే అంటారు. తిప్పడం అనే పాత అర్థం అక్కడ నిలిచింది. దారం అనే అర్థమున్న ఇంగ్లీషు మాట ‘థ్రెడ్’ కూడా ఈ వంశానిదే. పురి పెడితేనే కదా దారం!

స్కాట్స్‌లో క్రియ ‘థ్రా’, దాని భూతకాల విశేషణం ‘థ్రాన్’. ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలా మాటలు వాటంతట అవే విడిపోతాయి: ఇంగ్లీషులో మంచు ‘స్నో’, స్కాట్స్‌లో ‘స్నా’, కాకి ‘క్రో’, ‘క్రా’, ఊదడం ‘బ్లో’, ‘బ్లా’. అదే వరుసలో ‘త్రో’, ‘థ్రా’.

మెలి అనే మూలార్థం పట్టుకుంటే మిగతా వాడుకలన్నీ దారికొస్తాయి. కోడి మెడ తిప్పడం థ్రా. తాళంలో చెవి తిప్పడం థ్రా. ‘థ్రా ద మూ’ అంటే మూతి మూడు వంకర్లు తిప్పడం. మెలి తిరిగిన చెట్టు, వంగిపోయిన చెక్కపలక థ్రాన్. చివరి ఘడియల్లో ప్రాణం కొట్టుకోవడం ‘డెడ్ థ్రా’. ఒకే మంచంలో ఒకరి తల వైపు మరొకరి కాళ్లు పెట్టుకుని పడుకోవడం ‘హీడ్స్ అండ్ థ్రాస్’. ‘హీడ్’ అంటే తల.

పొలంలో దీన్ని కళ్లకు కట్టేది ‘థ్రా క్రుక్’. గడ్డి తాడు పేనడానికి వాడే వంపు కొక్కెం అది. మన రైతులకు గడ్డి వెంటి తెలుసు కాబట్టి పని వెంటనే అర్థమవుతుంది. ఒకరు గడ్డి కుప్ప దగ్గర కూర్చుని కొద్దికొద్దిగా గడ్డి అందిస్తారు. ఇంకొకరు మొదటి పిడికెడు గడ్డిని కొక్కేనికి తగిలించి, తిప్పుతూ వెనక్కి నడుస్తారు. గడ్డి అందించే చెయ్యి ఆలస్యమైతే ఆ చోట తాడు సన్నబడి, రేపు బరువు పడగానే అక్కడే తెగుతుంది. తిప్పే చెయ్యి మరీ తొందరపడితే పురి ఎక్కువై గడ్డి విరుగుతుంది. బిగువు వదిలితే తాడు తనంత తానే మెలికలు పడి ముడుచుకుంటుంది. మీ చేతికి ఎదురు తిరిగే ఆ తాడును చూస్తే, థ్రాన్ అనే మాట మనిషి మీదికి ఎలా వచ్చిందో ఇట్టే తెలుస్తుంది.

ప్రశ్న: స్కాట్లాండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ కథ ‘థ్రాన్ జానెట్’ తెలుగు చేస్తున్నాను. ‘మొండి జానెట్’ అని పెట్టవచ్చా?

జవాబు: దయచేసి వద్దు. 1881లో వెలువడిన ఆ కథలో జానెట్ మెడ ఒక పక్కకు వంగిపోయి ఉంటుంది. పేరు ముందుగా చెప్పేది ఆ శరీరం గురించి. మొండి అంటే ఆ మెడ కనపడదు, కథలోని భయమంతా పోతుంది. ‘మెడవంకర జానెట్’ దగ్గరగా ఉంటుంది. స్వభావం కూడా స్ఫురించాలనుకుంటే ‘వంకర జానెట్’ పెట్టండి. తెలుగులో ‘వంకర’ ఒంటికీ బుద్ధికీ రెండిటికీ చెల్లుతుంది. మా ఓటు దీనికే. మరో సంగతి: చిన్న ఇంగ్లీషు ఉపోద్ఘాతం తర్వాత కథంతా ఊరి మనిషి నోట స్కాట్స్‌లో నడుస్తుంది. మొదటి భాగానికి పుస్తకభాష, తర్వాతి భాగానికి ఏదైనా ఒక ప్రాంతపు మాండలికం తీసుకుని చివరిదాకా నిలపండి. రెండు మూడు మాండలికాలు కలిపితే ఆ మనిషికి ఊరంటూ లేకుండా పోతుంది.

ప్రశ్న: పలకడం ఎలా? ఎక్కడ వెతకాలి?

జవాబు: అక్షరాలు టి, హెచ్, ఆర్, ఏ, డబ్ల్యూ, ఎన్. మొదటి ధ్వనికి మన ‘థ’ సరిపోదు. నాలుక కొనను పై పళ్ల అంచుకు తాకించీ తాకించనట్టు ఉంచి గాలి వదలాలి. ‘ర’ను మాత్రం మన ‘ర’లాగే నాలుక తాటించి పలకండి, స్కాట్లాండ్‌లో అది చక్కగా అతుకుతుంది. ఇందులోని అచ్చుధ్వని, చట్టం అనే అర్థమున్న ఇంగ్లీషు మాట ‘లా’లో వినిపించేదే, పెదవులు కాస్త గుండ్రంగా. మరీ ‘ఓ’ వైపు లాగితే ‘థ్రోన్’ అయి సింహాసనమవుతుంది. ఈశాన్యాన అబర్డీన్ వైపు పెదవులు గుండ్రం చేయకుండా, మన దీర్ఘ ‘ఆ’కు దగ్గరగా పలుకుతారు.

అర్థాల కోసం 1931 నుంచి 1976 దాకా పది సంపుటాలుగా వచ్చిన స్కాటిష్ నేషనల్ డిక్షనరీ చూడండి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ‘థ్రాన్’తో ఆగకుండా ‘థ్రా’ను కూడా వెతకండి. చెవి, కోడి మెడ, గడ్డి తాడు అన్నీ అక్కడే ఉంటాయి.