వాన సామెతలు: దేశానికో తేదీ

ప్రశ్న: ఫ్రాన్స్‌లో జూన్ 8న, జర్మనీలో జూన్ 27న, ఇంగ్లండ్‌లో జులై 15న వాన పడితే వారాల తరబడి వదలదంటారు. ఒకే నమ్మకానికి ఇన్ని తేదీలేమిటి? ఏదైనా నిజమవుతుందా?

జవాబు: ఆ తేదీలు వాతావరణాన్ని బట్టి వచ్చినవి కావు. చర్చి పంచాంగంలోని స్మారక దినాలు. ఫ్రాన్స్‌లో సెయింట్ మెడార్, ఇంగ్లండ్‌లో సెయింట్ స్వితిన్, జర్మనీలో ‘ఏడుగురు నిద్రితులు’ (క్రైస్తవ గాథలో గుహలో ఏళ్ల తరబడి నిద్రపోయిన ఏడుగురు). జర్మన్ భాషలో ఈ పేరే ఒక చిన్న ఎలుకజాతి జంతువుకూ ఉండటంతో సామెత దాని గురించేనని చాలామంది పొరబడతారు!

అసలు చిక్కు 1582 నాటి క్యాలెండర్ సంస్కరణతో వచ్చింది. అప్పుడు 10 రోజులు ఎగిరిపోయాయి. సామెత అంతకుముందుదైతే నాటి జూన్ 27 ఇప్పటి జులై 7 అవుతుంది. ఐరోపాపై ఎత్తున వీచే జెట్ స్ట్రీమ్ గాలులు తరచుగా జులై మొదట్లోనే ఒక దారిలో కుదురుకుంటాయి, ఆ దారిని బట్టే తర్వాతి వారాల వాతావరణం సాగుతుంది. అందుకే ఒక్క రోజును కాక జులై మొదటి వారాన్ని చూస్తే, ముఖ్యంగా దక్షిణ జర్మనీలో, సామెతకు కొంత బలముంది. సముద్రతీరంలో అంత కుదరదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ సామెతల్లోని ‘40 రోజులు’ మాత్రం అక్షరాలా తీసుకోకండి. బైబిల్ ప్రళయంలోనూ వాన 40 రోజులే.

తేదీ నిలిచి జంతువు మారిన ఉదాహరణా ఉంది. ఫిబ్రవరి 2న జర్మన్లు బ్యాడ్జర్ అనే బొరియ జంతువుకు నీడ పడుతుందా అని చూసేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసవెళ్లినవారు ఆ పని గ్రౌండ్‌హాగ్ అనే ఉడుతజాతి జంతువుకు అప్పగించారు. నీడ కనిపిస్తే మరో ఆరు వారాలు చలి. జోస్యంగా దీన్ని నమ్మనక్కర్లేదు.