కాలేజీలో ఆడకపోయినా కోచ్ కావచ్చు

అన్నా, మీ అబ్బాయి కాలేజీ టీమ్‌లో ఆడలేదు కాబట్టి అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) కోచ్ కాలేడని టెన్షన్ పడకండి. అక్కడ పేరున్న కోచ్ మైక్ లీచ్ కూడా కాలేజీలో ఫుట్‌బాల్ ఆడలేదు, పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో లా చదివి, 1987లో కాల్ పాలీ యూనివర్సిటీలో అసిస్టెంట్‌గా మొదలుపెట్టి, మధ్యలో ఫిన్లాండ్‌లోనూ పనిచేసి, హాల్ మమ్మి అనే కోచ్ దగ్గర ఏళ్ల తరబడి ఉండి ఇద్దరూ కలిసి బంతిని ఎక్కువగా విసురుతూ ఆడే ‘ఎయిర్ రెయిడ్’ పద్ధతిని తయారుచేశాక, 2000లో టెక్సస్ టెక్ యూనివర్సిటీ టీమ్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. అంత ఓపిక కావాలి.

ముందు వాళ్ల కాలేజీ టీమ్‌లోనే వీడియో పనికో సామాన్ల పనికో చేరమనండి. తర్వాత పీజీ చదువుతూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే కోచ్‌లకు సాయం చేసే విద్యార్థిగా, ప్రయత్నించాలి, పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ కూడా 1973లో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో అలాగే మొదలయ్యాడు. మొదట్లో డబ్బులు తక్కువ, ఊళ్లు మారుతూ ఉండాలి, హెడ్ కోచ్‌ని తీసేస్తే అసిస్టెంట్ల ఉద్యోగాలూ తరచూ పోతాయి, ఇది మాత్రం ఇంట్లో ముందే మాట్లాడుకోండి.