ఒకే కాలువ నీళ్లు, రెండు చెరువుల్లో రెండు రకాల పురుగులు: మందు కొట్టాలా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నిజాంపట్నం దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు చెరువులు లీజుకు తీసుకుని వెన్నామీ రొయ్య వేస్తున్నాం. రెండింటికీ ఒకే ఉప్పు కాలువ నుంచి ఒకే వారంలో నీళ్లు పెట్టాం. మొదటి చెరువులో నూక కన్నా చిన్నగా, తెల్లగా, గెంతుతూ ఈదే పురుగులు విపరీతంగా వచ్చాయి. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన మూడు వారాల్లో చాలావరకు పోయాయి. ఏరేటర్ తాళ్లకు పట్టిన నాచులో మాత్రం పక్కకు ఒరిగి ఈదే ఇంకో రకం ఉంది. సీడ్ ఇంకా వదలని రెండో చెరువులో ఈ పురుగులు దాదాపు లేవు, నీళ్లు చిక్కటి పచ్చగా ఉన్నాయి. రెండింట్లో సాల్నిటీ (నీటిలో ఉప్పు) 28, అంటే లీటరుకు దాదాపు 28 గ్రాములు. ఇవి రొయ్యకు జబ్బు తెస్తాయని, పురుగుమందు కొట్టమని షాపులో చెప్పారు. టెన్షన్‌గా ఉంది. కొట్టమంటారా? చెరువుకొకటి చొప్పున రెండు సీసాల నీళ్లు మీ ల్యాబ్‌లో ఇచ్చాను.
– ఒక రైతు, హైదరాబాద్

జవాబు: కొట్టకండి. మీరు పురుగులంటున్నవి కీటకాలు కావు. రొయ్య, పీత ఏ వర్గానివో ఇవీ ఆ వర్గానివే, అంటే క్రస్టేషియన్లు. పైన పెంకు, కీళ్లున్న కాళ్లు, పెరిగేటప్పుడు పెంకు విడవడం, అన్నీ రొయ్యకున్నట్టే ఉంటాయి. వీటిని చంపే మందు రొయ్య పిల్లనూ చంపుతుంది. పిల్ల బతికినా, మందు అవశేషాలు సరుకులో దొరికితే ఎగుమతి దగ్గర దెబ్బ తింటారు. మొదటి చెరువులో సీడ్ ఉంది కాబట్టి అక్కడ ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

మీ సీసాలు మైక్రోస్కోప్ కింద చూశాను. మొదటి దాంట్లో ఉన్నవి కోపిపాడ్లు. వాటిలో చాలావరకు మిల్లీమీటరు కూడా లేవు. కొన్ని ఆడవాటికి తోక దగ్గర గుడ్ల సంచులు వేలాడుతున్నాయి. సముద్రంలో నాచుకూ చేపకూ మధ్య ముఖ్యమైన మెట్టు ఇవే. కంటికి కనబడని నాచును ఇవి తింటాయి, వీటిని చిన్న చేపలు తింటాయి. మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఉపగ్రహంతో సముద్రం వేడినీ నాచు పచ్చదనాన్నీ చూసి, చేప ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెప్పగలుగుతున్నారంటే ఆ లెక్క వెనక ఈ గొలుసే ఉంది. రెండో సీసాలో కోపిపాడ్లు కొన్నే, అవీ బాగా చిన్నవి. మిగతావన్నీ రోటిఫర్లు. అవి క్రస్టేషియన్లు కావు, ఇంకా సూక్ష్మమైన జీవులు.

కాలువ ఒకటే, ఉప్పు ఒకటే, జీవులు మాత్రం వేరు. నా అంచనా ఏమిటంటే మీ రెండో చెరువులో చేప ఉంది.

ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను, ఇది అర్థమైతే ఏ పంటలోనైనా నీళ్లు చూసి చెరువు పరిస్థితి పట్టుకోగలరు. ఒక నీటిలో ఏయే చిన్న జీవులు ఉంటాయన్నది ముందుగా ఉప్పు, వేడి, ఆక్సిజన్ మీద ఆధారపడుతుంది. సాల్నిటీ 28 ఉన్న నీటిలో మంచినీటిలో ఉండే డాఫ్నియా లాంటి చిన్న క్రస్టేషియన్లు బతకవు, సముద్రం నుంచి వచ్చిన కోపిపాడ్లు హాయిగా బతుకుతాయి. వానాకాలంలో సాల్నిటీ బాగా పడిపోతే వాటిలో కొన్ని తగ్గి వేరే రకాలు పెరుగుతాయి. అప్పుడు నీటి రంగు మారిందని కంగారుపడి ఏదో ఒకటి పోయకండి. అయితే నీరు సరిపోయినంత మాత్రాన జీవి నిలబడదు. దాన్ని తినేది ఆ నీటిలో ఉందా లేదా అన్నది కూడా చూడాలి.

మీకు బాగా తెలిసిన ఆర్టీమియానే తీసుకోండి. హేచరీలో రొయ్య పిల్లకు వేసే ఆ జీవి మామూలు సముద్రపు నీటిలోనూ బతకగలదు. కానీ సముద్రంలో అది కనిపించదు, ఉప్పు మడుల్లోనూ ఉప్పు సరస్సుల్లోనూ కనిపిస్తుంది. దానికి పారిపోవడం చేతకాదు, చేప నోటికి తేలిగ్గా దొరుకుతుంది. చేపలు తట్టుకోలేనంత ఉప్పులోకి వెళ్లి బతుకుతోంది. ఆర్టీమియా గుడ్లకు పేరుపొందిన అమెరికాలోని గ్రేట్ సాల్ట్ సరస్సులో 1980ల మధ్యలో వానలు ఎక్కువై ఉప్పు లీటరుకు 100 గ్రాముల పైనుంచి 50కి పడిపోయింది. ఆ ఉప్పు ఆర్టీమియాను చంపేంత తక్కువేమీ కాదు. కానీ ఉప్పు తగ్గడంతో, వేటాడే ఒక నీటి కీటకం సరస్సు మధ్య నీటిలోకి చేరి పెరిగింది, ఆర్టీమియా బాగా తగ్గిపోయింది. నాచును మేసేది తగ్గేసరికి సరస్సులో నాచు పెరిగింది. నీరు మారడం వల్ల తినే జీవి వచ్చింది, అది వచ్చాక మిగతా అంతా మారింది.

మీ రెండో చెరువులో ఉప్పు మారలేదు, తినే జీవి మాత్రం చేరినట్టుంది. చిన్న చేప కంటితో చూసి వేటాడుతుంది. పెద్దవి, గుడ్ల సంచులు మోసేవి ముందు కనబడతాయి, ముందు పోతాయి. కంటికి ఆననంత చిన్నవి మిగులుతాయి. నాచును గట్టిగా మేసే పెద్ద కోపిపాడ్లు పోవడంతో నీళ్లు పచ్చబడతాయి. దోమల కోసం మన నగరం చెరువుల్లో వదిలే గంబూసియా చేపతో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం 1972లో అచ్చయింది. చేప వేసిన తొట్లలో చిన్న క్రస్టేషియన్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, నీరు నాచుతో నిండింది. చేప లేని తొట్లు తేటగా ఉన్నాయి. అది మంచినీటి ప్రయోగమే, అయినా మీ సీసాలో నేను చూసింది అలాగే ఉంది.

మొదటి చెరువులో తిన్నది మీ సీడే. అందుకు సంతోషించండి. మొదటి రోజుల్లో రొయ్య పిల్లకు కోపిపాడ్ కన్నా మంచి మేత ఏదీ లేదని నా అభిప్రాయం. పిల్ల ఎక్కువగా అడుగునే తిరుగుతుంది కాబట్టి అడుగున పాకే రకాలు ముందు ఖాళీ అవుతాయి, నీటి మధ్యలో ఈదేవి కొన్నాళ్లు నిలుస్తాయి. ఇప్పుడు ఆ మేత తగ్గింది. పిల్ల ఇక మీరు వేసే మేత మీదే ఆధారపడుతుంది, చెక్ ట్రేలు (మేత మిగిలిందో లేదో చూసే పళ్లేలు) రోజూ చూసి మేత సర్దుకోండి.

తాళ్ల నాచులో ఉన్నవి ఆంఫిపాడ్లు. సముద్రంలోనూ వీటిది ఇదే తీరు. గడ్డి దట్టంగా ఉన్నచోట చేపకు చిక్కకుండా మిగులుతాయి, బయట తిరిగేవి ముందుగా పోతాయి. వీటితో రొయ్యకు హాని లేదు. నాచు మరీ పెరిగితే చేత్తో తీసేయండి, చాలు.

జబ్బు సంగతి. షాపువాళ్ల మాటలో కొంత నిజం ఉంది. రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్‌ను పీతలు, కాలువ రొయ్యలు మోసుకొస్తాయి, కోపిపాడ్లలోనూ అది కనబడింది. కానీ దాన్ని ఆపాల్సింది నీళ్లు పెట్టేచోట. రిజర్వాయర్ చెరువులో క్లోరిన్ వేసి నిలవబెట్టిన నీరు, 60 మెష్ వడపోత సంచి, గట్టు చుట్టూ పీతల కంచె, పరీక్ష చేయించిన సీడ్ ఉండాలి. 60 మెష్ అంటే రంధ్రం పావు మిల్లీమీటరు. కోపిపాడ్ పిల్లలు అందులోంచి దూరిపోతాయి కానీ చేప గుడ్డు సాధారణంగా దూరదు. అందుకే రెండో చెరువులో చేప ఉందంటే, సంచి ఎక్కడో చిరిగి ఉండాలి, లేదంటే ఎండగట్టినప్పుడు మడుగుల్లో కొంత నీరు మిగిలి ఉండాలి. రెండూ చూడండి.

రెండో చెరువులో ఇప్పుడే సీడ్ వదలొద్దు. అక్కడ మేత తక్కువ, పైగా చేప ఉంటే అది రొయ్య పిల్లల్నే తింటుంది. ముందు నాలుగు మూలలా విసురు వల వేయించండి. చేప పడితే ఇప్ప పిండి (ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క పొడి) వాడండి. అందులోని సాపోనిన్ చేప రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడుతుంది. రొయ్య రక్తంలో ఎర్ర కణాలే లేవు కాబట్టి ఆ దెబ్బ దానికి తగలదు. మోతాదు 250 పీపీఎం, అంటే ఎకరం చెరువులో మీటరు లోతు నీటికి దాదాపు టన్ను. చచ్చిన చేపను ఏరించేయండి. విషం దిగడానికి రెండు మూడు వారాలు ఆగి, కొద్దిపాటి సీడ్‌ను హాపాలో (చెరువులో కట్టే చిన్న వల తొట్టిలో) ఒక రోజు ఉంచి చూశాకే మిగతాది వదలండి. ఈలోగా, వడగట్టిన నీటితో వచ్చినవీ కొన్ని రకాల విషయంలో అడుగు మట్టిలో నిద్రపోయే గుడ్లూ కలిసి కోపిపాడ్లు మళ్లీ పుంజుకుంటాయి. తవుడు, బెల్లం పులియబెట్టి కొద్దికొద్దిగా వేస్తే తోడ్పడుతుంది. ఎక్కువ పోస్తే ఆక్సిజన్ పడిపోతుంది.

ఈసారి నీళ్లు పంపేటప్పుడు రాత్రి బస్సులో మామూలు సీసాతో తేవద్దు, దారిలో సగం జీవులు చచ్చి కుళ్లిపోతున్నాయి. 100 మిల్లీలీటర్ల నీటికి 10 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలిపి బిగించండి, చేతికి తొడుగు వేసుకోండి. మధ్యాహ్నం ఒకటి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకటి తీయండి. కోపిపాడ్లు చాలావరకు పగలు చేప కంట పడకుండా అడుగుకు దిగి, చీకటి పడ్డాక పైకొస్తాయి. సముద్రంలో కొన్ని ఇందుకోసం రోజూ వందల మీటర్లు దిగి ఎక్కుతాయి. మీరు మధ్యాహ్నం పైనీళ్లు మాత్రమే ముంచితే, చెరువులో ఉన్నవి కూడా లేవనిపిస్తుంది. సీసాల మీద చెరువు నంబరు, సమయం, సాల్నిటీ పెన్సిల్‌తో రాసి అంటించండి, పెన్ను రాత ఫార్మలిన్ తగిలితే చెరిగిపోతుంది.