తక్కువ డబ్బుతో డెస్క్‌టాప్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చదువుకు, కోడింగ్ సాధనకు ఒక డెస్క్‌టాప్ కొనుక్కోవాలని ఉందనీ, చేతిలో ఉన్న డబ్బు తక్కువనీ, ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే ఎవరిని నమ్మాలో తెలియడం లేదనీ రాశావు. చాలా ఏళ్లుగా కంప్యూటర్లను విప్పి బిగించి బాగుచేస్తున్నవాణ్ణి కాబట్టి, నా చేతుల మీదుగా రూఢి అయిన విషయాలనే నీకు రాస్తున్నాను.

డబ్బు తక్కువగా ఉన్నవాడు ప్రతి భాగం దగ్గరా ఆగి వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: దీన్ని ఏడాది తర్వాత మార్చుకోగలనా? మార్చుకోగలిగినదైతే ఇవాళ్టికి చిన్నదానితో సరిపెట్టుకోవచ్చు. మార్చుకోలేనిదైతే మిగిలినవాటిలో కోత పెట్టుకొనైనా సరైనదే తీసుకోవాలి. పని జరిగేటప్పుడు సమాచారం ఉంచుకునే ర్యామ్‌నూ, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ డిస్కునూ, మానిటర్‌నూ తర్వాత పెంచుకోవచ్చు. భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డునూ, దాని మీద కూర్చుని లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ తరాన్నీ మార్చాలంటే మాత్రం దాదాపు కొత్త కంప్యూటర్ కొన్నట్టే అవుతుంది. కొనేవాళ్లలో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. పాత బోర్డు మీద పెద్ద ర్యామ్, వెలుగులు చిమ్మే క్యాబినెట్ పెట్టించుకొని సంబరపడతారు.

ముందు నీ పని ఏమిటో కాగితం మీద రాసుకో. బ్రౌజర్, పాఠాల వీడియోలు, డాక్యుమెంట్లు, ప్రోగ్రామింగ్ అని నీవు రాసిన జాబితాకు నాలుగు కోర్ల (అంటే పనిచేసే భాగాల) ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేయడం మొదలుపెట్టినా, వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, నడపవలసివచ్చినా 16 జీబీ కావాలి. అప్పుడు ఇంకో ర్యామ్ పుల్ల జోడించుకుందువుగాని. ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు తలపెట్టవద్దు. చాలా ప్రాసెసర్లలోనే ఉండే గ్రాఫిక్స్ నీ పనికి చాలు.

ఇక ప్రాసెసర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువ డబ్బుతో వెళ్లినవాళ్లు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లకు ఉండే ఐ3, ఐ5, ఐ7 అనే పేర్లకు ఒకే తరంలోనే అర్థం ఉంటుంది. తరం మారితే ఆ వరస చెల్లదు. 2011లో వచ్చిన ఐ7-2600కు నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉన్నాయి. 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా అవే నాలుగు, ఎనిమిది. అయినా పనిలో రెండోది మొదటిదాన్ని చాలా దూరం వెనక్కు నెట్టేస్తుంది. అందువల్ల "ఐ7 అండీ" అని ఎవరైనా చెబితే, ఆ తర్వాత వచ్చే అంకె ఏమిటని అడుగు. 8400 అంటే ఎనిమిదో తరం, 12100 అంటే పన్నెండో తరం. చివరి మూడంకెలు వదిలేస్తే మిగిలేది తరం సంఖ్య. పాత కంప్యూటరైనా సరే, ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి కిందది కొనవద్దు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి; విండోస్ 11 అధికారికంగా అడిగేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లనూ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటునూ. ఏఎండీ కంపెనీదైతే రైజెన్ 3000 సిరీస్ నుంచి పైకి చూడు. పాత యంత్రాల మీద కూడా విండోస్ 11 ఎక్కించే దొంగదారులు ఉన్నాయని కొందరు చెబుతారు. తర్వాతి అప్‌డేట్ వస్తుందో రాదో హామీ లేని ఆ దారిని నమ్ముకొని డబ్బు పెట్టడం నీకు మంచిది కాదు.

నాకు జరిగినదే చెబుతాను. బంధువుల పిల్ల ఒకామె కోసం ఒక దుకాణంలో "కొత్తగా అసెంబుల్ చేసిన ఐ5" అని చెప్పిన కంప్యూటర్ కొన్నాను. క్యాబినెట్ కొత్తది, ముందు అద్దం, లోపల రంగుల ఫ్యాన్లు. ఇంటికి వచ్చి పక్క మూత విప్పి చూస్తే లోపల ఉన్నది హెచ్61 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డు; రెండే ర్యామ్ స్లాట్లు, అవీ పాత రకం డీడీఆర్3 ర్యామ్‌వి, చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 స్లాట్ లేనే లేదు, ప్రాసెసర్ మూడో తరానిది. కొత్తవి పెట్టె, ఫ్యాన్లు మాత్రమే. ర్యామ్ పెంచుదామన్నా ఆ బోర్డు 16 జీబీతో ఆగిపోతుంది, పై తరం ప్రాసెసర్ అందులో కూర్చోదు. ఆ పిల్ల కూడబెట్టుకున్న డబ్బు అలా పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కొనకముందే మూత విప్పించి చూసి ఉంటే రెండు నిమిషాల్లో బయటపడే సంగతి అది.

కొత్త ప్రాసెసర్ కొనేటప్పుడు ఇంకో చిన్న మెలిక ఉంది. ఇంటెల్‌లో అంకె చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5000 సిరీస్‌లో జీ అనే అక్షరం లేని డెస్క్‌టాప్ ప్రాసెసర్లూ అంతే. అవి కాస్త చౌకగా దొరుకుతాయి గాని, వేరే గ్రాఫిక్స్ కార్డు లేకుండా మానిటర్ మీద బొమ్మ రాదు.

ఇప్పుడు కొత్తదా, పాతదా అన్న విషయం. నీ దగ్గర ఉన్న డబ్బుకు నా ఓటు ఆఫీసుల నుంచి బయటికి వచ్చిన పాత డెస్క్‌టాప్‌కే. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అనేవి సంస్థలు ఒకేసారి పదులకొద్దీ కొని, కొన్నేళ్ల తర్వాత ఒకేసారి మార్చేసే యంత్రాలు. ఇవి రోజంతా నడవడానికి తయారైనవి, అదే డబ్బుకు అసెంబుల్ చేయించే కొత్తదానికంటే మంచి ప్రాసెసర్ వీటిలో వస్తుంది. చాలావాటిలో విండోస్ లైసెన్సు కూడా బోర్డులోనే ఉంటుంది కాబట్టి దానికి వేరే ఖర్చు ఉండదు.

అయితే ఇవి మూడు సైజుల్లో ఉంటాయి, ఆ సైజే నీ భవిష్యత్తు అవకాశాలను నిర్ణయిస్తుంది. జానెడు వెడల్పు ఉండే చిన్నవాటిలో ల్యాప్‌టాప్ ర్యామ్ పడుతుంది, మామూలు గ్రాఫిక్స్ కార్డు పెట్టడానికి చోటుండదు. మధ్య సైజులో ఎత్తు తక్కువగా ఉండే పొట్టి కార్డులు మాత్రమే పడతాయి. టవర్ సైజులో మామూలు కార్డు పడుతుంది గాని, వీటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్‌కూ (భాగాలకు కరెంటు అందించే పెట్టెకూ) బోర్డుకూ ఉండే కనెక్టర్ ఆ కంపెనీ సొంతది కావడం వల్ల బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా అతకదు. అప్పుడు స్లాట్ నుంచే కరెంటు తీసుకునే, అంటే 75 వాట్లకు మించని కార్డుతో సరిపెట్టుకోవాలి. టేబుల్ మీద చోటుంటే టవరే తీసుకో.

పాతది చూడడానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం, జేబులో చిన్న స్క్రూడ్రైవర్, సెల్‌ఫోన్ టార్చి పెట్టుకొని వెళ్లు. కంప్యూటర్‌ను నీ ఎదుటే, చల్లగా ఉన్న స్థితి నుంచి ఆన్ చేయమను. ముందే ఆన్ చేసి ఉంచిన దానిలో మొదటి క్షణాల తప్పులు కనబడవు. తేదీ, సమయం తప్పుగా చూపిస్తే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం, అది చాలా చిన్న ఖర్చు, దానికి భయపడనక్కర్లేదు. విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర అయిన బయాస్‌లోకి వెళ్లగలుగుతున్నావో లేదో చూడు. పాస్‌వర్డ్ అడిగి, అది అమ్మేవారికి తెలియకపోతే ఆ యంత్రాన్ని వదిలెయ్. తర్వాత విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి అన్నవి కనబడతాయి. నోటితో చెప్పినవీ, తెర మీద కనబడేవీ ఒకటేనా అని సరిచూసుకో. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీలోకి వెళ్తే సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాల్లో టీపీఎం 2.0 ఉందో లేదో తెలుస్తుంది.

డిస్కును క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో చూసినప్పుడు నీలం రంగులో గుడ్ అని రావాలి. పసుపు రంగులో కాషన్ అని వస్తే ధర తగ్గించమని బేరమాడి, డిస్కు మాత్రం కొత్తది వేసుకోవచ్చు. అప్పుడు పక్క మూత తీయించి టార్చి వేసి చూడు. బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. ఒక్కటి ఉబ్బినా, తల మీద గోధుమరంగు జిగురులాంటిది కారి ఎండిపోయినా ఆ బోర్డు ఎక్కువ రోజులు ఉండదు. దుమ్ము ఉంటే పరవాలేదు, దాన్ని దులుపుకోవచ్చు. తుప్పు మరకలు, కాలిన వాసన ఉంటే మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. మూత మూసేలోపు ఫ్యాన్ తిరిగే చప్పుడు ఒకసారి విను. గరగరమని రాసుకుంటున్నట్టుంటే ఫ్యాన్ మార్చవలసి ఉంటుంది.

కొన్నాక మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టు, అందులో లేకపోతే. హార్డ్‌డిస్కులో పళ్లెం తిరిగి, తల కదిలి, వెతికినది దొరకడానికి ప్రతిసారీ పది పదిహేను మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ ఉండదు కాబట్టి అది మిల్లీసెకనులో పదోవంతు లోపే తెచ్చి ఇస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఇలాంటి వెతుకులాటలు వేలకొద్దీ జరుగుతాయి. నిదానంగా నడుస్తుందని నా దగ్గరకు వచ్చిన కంప్యూటర్లలో ఎక్కువవాటికి నేను చేసిన వైద్యం ఇదొక్కటే. బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటే అది ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకానికి పనిచేస్తుందో, సాటా అనే పాత రకానికి మాత్రమేనో మోడల్ నంబరు వెతికి తెలుసుకున్నాకే డిస్కు కొను. 256 జీబీ అని కొన్నది విండోస్‌లో 238గా కనబడితే కంగారుపడకు. తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కించడం వల్ల వచ్చే తేడా అది.

ర్యామ్ విషయంలో ఒకే 16 జీబీ పుల్ల కంటే రెండు 8 జీబీ పుల్లలు మంచివి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు దారుల్లో సమాచారం వెళ్తే దాని వేగం బాగా పెరుగుతుంది. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్3 గాని డీడీఆర్5 గాని పట్టవు, గాడి చోటే వేరు.

ఒకవేళ కొత్తది అసెంబుల్ చేయించాలనే నిర్ణయిస్తే, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే అది తానొక్కటే పోదు, బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోవచ్చు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు, కొన్నేళ్ల వారంటీ ఉన్నది కొను. క్యాబినెట్ మాత్రం ఎంత సాదాసీదాదైనా ఫరవాలేదు, గాలి ఆడితే చాలు.

మానిటర్ పాతదైనా ఇబ్బంది లేదు. 1920 బై 1080 రిజల్యూషన్, ఐపీఎస్ ప్యానెల్ ఉంటే కళ్లకు హాయి. తెరంతా తెల్లగా, తర్వాత నల్లగా పెట్టించి చచ్చిన చుక్కలు ఉన్నాయేమో చూడు. నీ కంప్యూటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉండి మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే తగిన కేబుల్ ఖర్చు కూడా లెక్కలో వేసుకో. కీబోర్డు, మౌస్, కేబుళ్లు, కరెంటు తరచూ పోయే చోటైతే యూపీఎస్, ఇవన్నీ చివర్లో గుర్తొచ్చి బడ్జెట్ దాటించేవే. అందుకని నీ డబ్బును పది భాగాలు చేసి, రెండు భాగాలు వీటికని ముందే పక్కన పెట్టి, మిగిలిన ఎనిమిదితోనే బేరానికి దిగు.

సాఫ్ట్‌వేర్ మీద ఖర్చు పెట్టనక్కర్లేదు. లైనక్స్ మింట్, లిబ్రేఆఫీస్ ఉచితమే, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాడికి లైనక్స్ అలవాటు కావడం మేలు కూడా. నమ్మశక్యం కానంత చౌకగా అమ్మే విండోస్ కీల జోలికి వెళ్లకు.

నీకు నచ్చిన రెండు మూడు యంత్రాల మోడల్ నంబరు, ప్రాసెసర్ పూర్తి అంకె, ర్యామ్ స్లాట్లు ఎన్ని, వారంటీ ఎన్నాళ్లు అన్న వివరాలు రాసి పంపు. లోపలి బోర్డు ఫొటో కూడా ఒకటి జతచెయ్యి. నా జవాబు చూశాకే బయానా ఇవ్వు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ మామయ్య