అర్థం పక్కన సంవత్సరం కూడా చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. వైద్య పుస్తకాల అనువాదం మొదలుపెట్టగానే 'వ్యాక్సిన్' దగ్గర ఆగిపోయావన్నమాట. 2021 జనవరిలో అమెరికా వాళ్ల మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ మాటకు అర్థం మార్చిందనీ, అదేదో మోసమని కొందరు అంటున్నారనీ, ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు.

మార్చిన మాట నిజమే. అంతకుముందు నిర్వచనమంతా చంపినవో బలహీనపరిచినవో అయిన సూక్ష్మజీవుల చుట్టూ ఉండేది. కోవిడ్‌కి వచ్చిన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకా మన కణాలకు సూచన మాత్రమే ఇస్తుంది, అందులో సూక్ష్మజీవే ఉండదు. దాన్నీ వ్యాక్సిన్ అనే పిలుస్తున్నప్పుడు నిఘంటువు తన వాక్యం సరిదిద్దుకోక ఏం చేస్తుంది? అసలు లాటిన్‌లో 'వాక్కా' అంటే ఆవు. 1796లో జెన్నర్ అనే ఇంగ్లండు డాక్టరు ఆవులకు వచ్చే మశూచి రసంతో మనుషుల మశూచిని అడ్డుకున్నాడు కనుక ఆ పేరు వచ్చింది. 1881లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్, జెన్నర్ మీద గౌరవంతో మిగతా రోగాల టీకాలకూ అదే పేరు పెట్టమన్నాడు. ఆవుతో సంబంధం అప్పుడే తెగింది.

ఒక మాటను జనం ఏ అర్థంలో వాడుతున్నారో నిఘంటువులో చూడు. మందు పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం అక్కడ వెతక్కు, దానికి వైద్య గ్రంథాలున్నాయి.

నీ పనిలో పెద్ద చిక్కు పాత కాగితాలతో వస్తుంది. నాకు అలాగే వచ్చింది. వందేళ్ల నాటి ఆసుపత్రి రికార్డు ఒకటి తెలుగు చేస్తూ 'ఇడియట్' అన్నచోట 'మూర్ఖుడు' అని రాసేశాను. ఆ రోజుల్లో అది బుద్ధి ఎదగని వాళ్లకు డాక్టర్లు రాసే రోగనిర్ధారణ. 'మోరాన్' అయితే 1910లో గొడార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ పనికే తయారుచేసిన మాట. తర్వాత రెండూ వీధిన పడి తిట్లయ్యాయి. వాటి బదులు వచ్చిన 'మెంటల్ రిటార్డేషన్'కీ అదే గతి పట్టింది. 2010లో అమెరికా తన సమాఖ్య చట్టాల్లో దాన్ని 'ఇంటలెక్చువల్ డిజెబిలిటీ'గా మార్చింది. ఆ రికార్డులో ఉన్నది ఒక చిన్నపిల్లవాడమ్మా. వాణ్ని నేను అచ్చులో తిట్టాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే మూలం ఏ సంవత్సరానిదో ముందు రాసుకో. ఆ కాలానికి దగ్గరి నిఘంటువు ముద్రణ తెరువు. పాత నిఘంటువులు ఎవరు పారేస్తున్నా తెచ్చుకో. ఆన్‌లైన్‌లో చూస్తే తేదీ వేసి నిర్వచనం మొత్తం నోట్‌బుక్‌లో ఎక్కించు, రేపటికి అది మారిపోవచ్చు.

ఇంకొకటి, నిఘంటువులో దొరకని మాట లోకంలో లేదనుకోకు. 1902కి ముందే వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి భాగాల్లో 'అపెండిసైటిస్' లేదు. 1902లో బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఆ జబ్బు వల్లే వాయిదా పడి, ఆ మాట అందరి నోళ్లలో నానింది.

నువ్వు పంపిన పేజీల్లో 'హిస్టీరియా' మూడు చోట్ల ఉంది. అమెరికా మానసిక వైద్యులు 1980లో ఆ పేరును తమ రోగాల జాబితాలోంచి తీసేశారు. నీ మూలం దానికి ముందుదో తర్వాతిదో చూసి నాకు రాయి, ఆ మూడు వాక్యాలూ కలిసి చూద్దాం.

మీ పెదనాన్న