అడిగితే పెన్షన్ తీసేస్తారా?

(ఈసారి జవాబులు విజయనగరంలో లా చదువుతున్న 23 ఏళ్ల మన పాఠకురాలివి. అభిప్రాయాలు పూర్తిగా ఆమెవే.)

ప్రశ్న: మా వీధిలో వేసిన సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే పెచ్చులు లేచిపోయింది. పంచాయతీలో అడుగుదామంటే అమ్మ కాళ్లకు అడ్డం పడుతోంది. నాయనమ్మ పెన్షన్ తీసేస్తారట, మనకెందుకే అంటుంది. డిగ్రీ చదివి నోరు మూసుకుని కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, టెక్కలి దగ్గర పల్లె

జవాబు: ముందు అమ్మగారి మీద విసుక్కోకండి, ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మన జిల్లాల్లో మామూలు మనిషికి పోలీసు అన్నా కోర్టు అన్నా ఎంత భయమో, జాబితాలోంచి పేరు ఎగిరిపోతుందంటే అంతకు రెట్టింపు భయం. ఏ పార్టీ వచ్చినా ఈ భయాన్ని పోగొట్టే పని పెట్టుకోలేదు, పైగా ఎన్నికలొస్తే చాలు 'ఎవరి డబ్బు తింటున్నారో గుర్తు పెట్టుకోండి' అని మైకులో చెబుతారు. ఎవరి డబ్బూ కాదండీ, ఖజానా డబ్బు. మీ నాయనమ్మ కొనుక్కునే పళ్లపొడి మీద కట్టిన పన్ను కూడా అందులోనే ఉంది. నాకు రాజకీయాల్లో అన్నిటికంటే ఒళ్లు మండేది ఈ ఒక్క మాటకే.

వృద్ధాప్య పెన్షన్‌కి ఎవరు అర్హులో కాగితం మీద రాసి ఉంటుంది, రోడ్డు గురించి అడిగే మనవరాలు ఉంటే అనర్హులని అందులో ఎక్కడా లేదు. ఒకవేళ నిజంగానే ఆపితే కారణం రాసివ్వమని గ్రామ సచివాలయంలో అడగండి, ఇవ్వకపోతే సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి వెళ్లి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

ఇక రోడ్డు. ఎవరింటి మీదకీ గొడవకు వెళ్లొద్దు, సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి పెట్టే దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి గడువు 30 రోజులు. 'రోడ్డు ఎందుకు పాడైంది' అని మాత్రం రాయకండి, కారణాలు చెప్పడం మా పని కాదని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు. ఎస్టిమేట్ కాపీ, ఎం-బుక్ కాపీ, బిల్లు ఎప్పుడు ఎంత చెల్లించారు అని కాగితాలే అడగండి. ఎం-బుక్‌లో రోడ్డు పొడవు, వెడల్పు, మందం కొలతలు రాస్తారు కాబట్టి, ఆ కాగితం చేతిలో పట్టుకుని పెచ్చు లేచిన చోట మీరూ టేపు పెట్టి చూడొచ్చు. ఆ తర్వాత గ్రామసభలో మాట్లాడండి. మీరొక్కరే కాకుండా వీధి వీధంతా సంతకం చేసిన అర్జీతో వెళ్తే మరీ మంచిది, ఎందుకంటే పది ఇళ్లతో ఒకేసారి పగ పెట్టుకోవడానికి ఏ నాయకుడూ తొందరపడడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 'మీ ఊరు మాకు వెయ్యలేదు, మాకు తెలుసు' అని బెదిరిస్తారు చూడండి, అందులో సగం నిజం ఉంది. మీ ఒక్కరి ఓటు ఎవరికీ తెలీదు కానీ, లెక్క బూత్‌ల వారీగా బయటికొస్తుంది కాబట్టి ఒకే బూత్ ఉన్న చిన్న ఊరు ఎటు మొగ్గిందో ఇట్టే తెలిసిపోతుంది. చాలా బూత్‌ల ఓట్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ యంత్రం పెడదామని ఎన్నికల సంఘం ఎప్పుడో అడిగింది, కేంద్రం ఒప్పుకోలేదు. దాని గురించి ఏ పార్టీ ధర్నా చెయ్యదేం?

ప్రశ్న: ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాను. స్టేషన్ నుంచి ఫోన్ చేసి ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లమన్నారు. టెన్షన్‌తో రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. వెళ్లాలా?
– పలాస కుర్రాడు

జవాబు: ముందు అన్నం తినండి. తర్వాత, ఏ కేసు, ఏ ఫిర్యాదు, నోటీసు ఇస్తారా అని మర్యాదగా అడగండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35 కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇదివరకు 41ఏ నోటీసు అనేవారే, అదే ఇది. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి, వెంట లాయర్ ఉంటే మంచిది. ఒకవేళ అరెస్టు చేసినా కారణం చెప్పాలి, ప్రయాణం సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఇది స్టేషన్ వాళ్ల దయ కాదు, రాజ్యాంగం 22వ అధికరణం. మనసు నొచ్చుకునే పోస్టు పెట్టారని పట్టుకెళ్లడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

కానీ మీరేం రాశారో నాకు చెప్పలేదు. ఎమ్మెల్యే పని బాగోలేదని రాస్తే అది మీ హక్కు, నేను మీ వైపే. ఆయన ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టి ఉంటే మాత్రం నా సాయం అడక్కండి.

మా కాలేజీలో ఈ విషయం మీద వాదన వస్తే నాకు విసుగొచ్చేది ఒక్క చోటే. తమ పార్టీవాణ్ణి పట్టుకెళ్తే భావప్రకటనా స్వేచ్ఛ, ఎదుటి పార్టీవాణ్ణి పట్టుకెళ్తే 'చట్టం తన పని తాను చేసుకుపోతుంది'. ప్రభుత్వం మారిన మర్నాడు ఈ రెండు డైలాగులూ అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు అందుకుంటారు.

ప్రశ్న: మీ తరానికి బైక్ ర్యాలీలు, ఫ్లెక్సీలు తప్ప ఉద్యమం అంటే ఏమిటో తెలుసా?
– రిటైర్డ్ టీచర్, రాజాం

జవాబు: మాస్టారూ, బైక్ ర్యాలీకి పెట్రోలు పోయించేది మీ తరం నాయకులే. 'నీకెందుకు, చదువుకో' అని ఇరవై ఏళ్లు చెప్పి, ఇప్పుడు ఉద్యమం తెలీదంటే ఎలాగండీ? మందస జమీందారీ మీద రైతులు తిరగబడి, 1940లో సాసుమాన గున్నమ్మ పోలీసు తూటాలకు బలైన సంగతి మన జిల్లాల పిల్లల్లో ఎంతమందికి చెప్పారు? అంత వెనక్కెందుకు, 2010 జులైలో సోంపేటలో థర్మల్ ప్లాంటు మాకొద్దు, బీల (చిత్తడి) భూములు మాకు కావాలని జనం అడ్డం నిలబడితే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్లాంటు మాత్రం రాలేదు. ఇవాళ నలుగురం రోడ్డు మీద కూర్చుందామంటే 'సెక్షన్ 30 అమల్లో ఉంది, అనుమతి లేకుండా కుదరదు' అంటారు. అది 1861 నాటి పోలీసు చట్టం. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, సెక్షన్ ఉండిపోయింది.

ప్రశ్న: నోటా నొక్కితే ఉపయోగం ఉందా?
– చీపురుపల్లి

జవాబు: ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో నోటాకి అందరికంటే ఎక్కువ వచ్చినా తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు. కోపం తీర్చుకోవడానికైతే నొక్కండి.

ప్రశ్న: మా ఊళ్లో సగం మంది చెన్నై, హైదరాబాద్ పనుల్లో ఉన్నారు. ఎన్నికలప్పుడు పార్టీలు బస్సు పెట్టి తెస్తాయి, దారిఖర్చూ ఇస్తాయి. అది తప్పా?
– ఇచ్ఛాపురం

జవాబు: చట్టం దృష్టిలో తప్పే. ఓటర్లను బూత్‌కి తేవడానికి అభ్యర్థి తరఫున వాహనం పెట్టడం, డబ్బివ్వడం రెండూ కూడదు. కానీ ఆ బస్సెక్కిన మేస్త్రీని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది, రోజుకూలీకి కూడా. అయితే చెన్నై నుంచి ఇచ్ఛాపురం వచ్చి వెళ్లడానికి ఆ ఒక్క రోజు ఏ మూలకి? వలస వెళ్లిన చోటే ఓటేసే రిమోట్ మెషీన్‌ని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు చూపించబోతే, అనుమానాలున్నాయని చాలా పార్టీలు వద్దన్నాయి. ఆ అనుమానాలు కొట్టిపారేసేవని నేననను, కానీ అవి తేలేదాకా ఓటుకొచ్చే కూలీకి రానూపోనూ రైలు టికెట్టు ప్రభుత్వమే ఇవ్వాలని నా వాదన. పార్టీ బస్సులో వచ్చినవాడు ఆ పార్టీకి మొహమాటపడతాడు, ప్రభుత్వం టికెట్టుతో వచ్చినవాడికి ఆ బాధ ఉండదు.